లేచి నిలబడ్డవాళ్ళు

బందరు,
8 జూలై 1962

అక్కా,

బావగారికీ నీకూ వందనాలు. దానియేలుకి మావయ్య ముద్దులు. నువ్వు పంపిన రొయ్యపొట్టు అందింది. అందులో సగం పైగా శనివారం నాతోపాటు రైలెక్కి గుడివాడ చేరింది. నీ మరదలు రత్నకుమారి బడి నుంచి వచ్చి బీరకాయలో వేసి వండింది. మా పాప కారం కారం అంటూనే రెండుసార్లు వేయించుకుంది. మా అత్తగారు మాత్రం, "ఇది మీ వదిన చేత్తో వండితే వేరుగా ఉంటుంది" అని కూతురికి ఓ చురక అంటించింది.

ఇక అసలు సంగతి. నాకు ఉద్యోగం దొరికింది. టెంపరరీయే, కానీ పని నచ్చితే ఏడాది తిరిగేలోగా పర్మనెంటు చేస్తామన్నారు. మద్రాసు నుంచి డాక్టర్ల బృందం వచ్చింది. టైఫాయిడ్ రాకుండా పిల్లలకి ముందుగానే వేసే కొత్త ఇంజెక్షన్ తెచ్చారు. అది ఏ మేరకు పనిచేస్తుందో దివిసీమ పల్లెల్లో వేసి చూస్తారు. పెద్ద డాక్టరుగారికి తెలుగు రాదు. ఆయన ఇంగ్లీషులో చెప్పింది జనానికి తెలుగులో చెప్పడం నా పని.

మన తమ్ముడు చిన్నోడు గుర్తున్నాడా అక్కా? గుర్తులేకపోవడమేమిటి, నీ ఒళ్ళోనే కదా పోయాడు. వాణ్ణి తీసుకుపోయిన జ్వరమే ఇది. ఈ ఉద్యోగం దొరికిన రోజు నాకు మొదట గుర్తొచ్చింది వాడే.

ఆగస్టు మొదటి ఆదివారం మీ దిబ్బపాలెం వస్తున్నాం. ఆరాధన అయ్యాక బావగారు జనాన్ని వెళ్ళిపోకుండా ఆపితే చాలు. డాక్టరుగారు నాలుగు మాటలు చెబుతారు. తర్వాత ఇష్టమైనవాళ్ళు లేచి నిలబడండి అంటాం. కోతల పండుగ తేదీ అయినా, గుడికి తాటాకు కప్పించడమైనా మన సంఘంలో అలాగే కదా తేల్చేది. నువ్వు ఉపదేశి భార్యవి. నువ్వు లేస్తే ఆడవాళ్ళంతా లేస్తారు, ఆడవాళ్ళు లేచాక మగవాళ్ళెంత! మొదటి సూది మన దానియేలుకే వేయిద్దాం. మొదటి ఊళ్ళోనే జనం వెనకాడితే నేను డాక్టరుగారి ముందు మొహం ఎక్కడ పెట్టుకోను?

నీ తమ్ముడు,
రాజారత్నం


దిబ్బపాలెం,
14 ఆగస్టు 1962

తమ్ముడూ,

నువ్వు జీపెక్కి వెళ్ళిన దగ్గర్నుంచీ ఈ పల్లెకి నేనే గవర్నరుని. ఎవరింటికెళ్ళినా పీట వేస్తున్నారు. మీ బావ అయితే, "ఇన్నేళ్ళు వాక్యం చెప్పినా రాని మర్యాద మీ తమ్ముడు ఒక్క పూటలో తెచ్చిపెట్టాడు" అని సాధిస్తున్నారు. దానియేలు జబ్బ వాచి రెండు రోజులు జ్వరం కాసింది, తగ్గిపోయింది. డాక్టరుగారిచ్చిన పిప్పరమెంటు కాగితం ఇంకా దిండు కింద దాచుకున్నాడు.

నిజం చెప్పనా? నువ్వు చెప్పిన దాంట్లో సగం నాకు వినబడలేదు. పైన వాన, వెనక పిల్లల గోల. అంతలో నువ్వు ఆగి నావైపు చూశావు. ఆ చూపు నాకు తెలుసురా. బళ్ళో పద్యం మధ్యలో మర్చిపోయి నా వంక చూసేవాడివే, అదే చూపు. లేచేశాను. నా వెనకే కృపమ్మ, ఆవిడ వెనక తక్కినవాళ్ళు. అచ్చమ్మవ్వకి మోకాళ్ళు పట్టేసి ఉన్నాయి, పైగా ఆవిడకి పిల్లాజెల్లా ఎవరూ లేరు. అయినా గోడ పట్టుకుని లేచింది పాపం!

మా పక్కింటి కృపమ్మ తర్వాత అడిగింది, "ఆ సూది ఏంటొదినా, ఎందుకు?" అని. మా తమ్ముడు తెచ్చాక ఇంకా అనుమానమేంటే అన్నాను. ఆవిడ కూతురు రూతుకి మన దానియేలు వెనకే సూది పడింది. కిందటేడు జ్వరాలప్పుడు నర్సమ్మ చెప్పిందని ఊరంతా కాలవ నీళ్ళు కాచుకుని తాగుతున్నాం కదా. ఇప్పుడు సూది పడిందిగా, ఇంకెందుకు అని కృపమ్మ కాచడం మానేసింది. పుల్లలకి దిబ్బంతా తిరగలేక చస్తోంది, దానికైనా విశ్రాంతి దొరికింది. నేనూ మానేద్దామనుకుంటున్నాను. ఏమంటావు?

ఒక్కటి మాత్రం మనసులో నలుగుతోంది. అదేరోజు సాయంత్రం డాక్టరుగారు పక్కూరి మోతుబరి రామబ్రహ్మంగారి అరుగు మీద కుర్చీ వేసుకుని చాలాసేపు కూర్చున్నారట. రామబ్రహ్మంగారు ఇంగ్లీషులో ఏవేవో ప్రశ్నలు వేసి, చివరికి మా మనవలకి వద్దు అన్నారట. సరేనని కాఫీ తాగి వచ్చేశారట మీరు. అంత మంచి మందు ఆయనెందుకు వద్దన్నాడో నాకు బోధపడలేదు.

నీ అక్క,
ఆనందమ్మ


బందరు,
25 ఆగస్టు 1962

అక్కా,

నీ ఉత్తరం చూసి ఆఫీసులోనే నవ్వాను. నిన్ను గవర్నరుని చేశాను గనక నాకు భరణం పంపు, రొయ్యపొట్టు అయినా సరే.

డాక్టరుగారు ఎంత సంతోషించారో చెప్పలేను. దిబ్బపాలెంలో తల్లిదండ్రులందరూ సమ్మతించారని రిపోర్టులో ప్రత్యేకంగా రాశారు. తర్వాత వెళ్ళిన ఊళ్ళల్లో మీ ఊరి పేరు చెబితేనే జనం కదిలారు. ఇదంతా నీ చలవే. రెండో ఇంజెక్షన్ జనవరిలో. రెండూ పడితేనే లెక్క.

నీళ్ళ సంగతి అడిగావు. కాచుకుంటే మంచిదే. అలాగని భయపడాల్సిందేమీ లేదు.

రామబ్రహ్మంగారిది ఊరికే పెద్దరికం. ఆయన అడిగాడు గనక డాక్టరుగారు చెప్పారు, అంతే. నువ్వు అవన్నీ మనసులో పెట్టుకోకు. దానియేలుకి పలకా బలపాలూ పంపుతున్నాను.

రాజారత్నం


దిబ్బపాలెం,
30 అక్టోబరు 1962

తమ్ముడూ,

పలక విరిగి వచ్చింది. విరిగిన ముక్క మీదే వాడు సున్నాలు చుడుతున్నాడు. వారం నుంచీ ముసురు. వంటింట్లో కూడా చెప్పులేసుకు తిరగాల్సిన బురద. రాయడానికి కూర్చుంటే చెయ్యి సాగడం లేదు.

కృపమ్మ కూతురు రూతుకి జ్వరం. మామూలుది కాదు, విడవడం లేదు. ఇప్పుడు మనుషుల్ని కూడా పోల్చుకోవడం లేదు. నాకు చిన్నోడే కళ్ళముందు ఆడుతున్నాడు. రోడ్డు మునిగింది, రేపు దాన్ని మంచంతో సహా పడవెక్కించి, బస్సు దొరికేచోటికి చేర్చి, చల్లపల్లి మీదుగా బందరు తెస్తున్నారు. కృపమ్మకి అక్కడ ఆస్పత్రి గుమ్మం కూడా తెలీదు. నువ్వు వెళ్ళి దగ్గరుండి చూడు.

సూది పడ్డ పిల్లకి ఆ జ్వరం ఎలా వస్తుందిరా? కృపమ్మ నన్ను ఏమీ అనలేదు. నోరు తెరిచి ఒక్క మాట అంటే బావుణ్ణు. నువ్వు భయపడాల్సిందేమీ లేదని రాశావు కదా, ఆ ముక్క నేనే దానికి చదివి వినిపించాను. ఆ రోజు నుంచీ నేనూ కాచడం మానేశాను. ఇప్పుడు మళ్ళీ పొయ్యి మీద కుండ పెట్టాను, ఏం లాభం?

ఆనందమ్మ


బందరు,
7 నవంబరు 1962

అక్కా,

పిల్లని చేర్పించాను. టైఫాయిడే. గొట్టం మాత్రలు వేస్తున్నారు, ప్రాణానికి ఫర్వాలేదంటున్నారు. రోజూ పొద్దున్నా సాయంత్రం వెళ్తున్నాను. కృపమ్మ వరండాలో చాప మీదే ఉంటోంది. కాఫీ తీసుకెళ్తే కొంగుతో గ్లాసు పట్టుకుని తాగుతుంది.

ఏ మందూ నూటికి నూరుపాళ్ళు పనిచెయ్యదక్కా. కొందరికి పడుతుంది, కొందరికి పడదు. పైగా రెండో ఇంజెక్షన్ ఇంకా పడనేలేదు. ఈ సంగతి ఊళ్ళో అడిగినవాళ్ళకి నువ్వే నెమ్మదిగా చెప్పాలి. లేనిపోని మాటలు పుడితే జనవరిలో ఒక్కరూ రారు. ఇక్కడ నా మీద నమ్మకం పెట్టుకున్నారు.

వాన తగ్గిందా? బావగారి దగ్గు ఎలా ఉంది?

రాజారత్నం


దిబ్బపాలెం,
10 డిసెంబరు 1962

రాజారత్నం,

మీ బావ దగ్గు ఎప్పటిలాగే ఉంది. వాన తగ్గింది. నువ్వడిగిన వాటికి జవాబులు అయిపోయాయి, ఇప్పుడు నేనడిగేవాటికి నువ్వు చెప్పు.

కృపమ్మ పిల్లని తీసుకుని వచ్చింది. బతికింది, దేవుడికి స్తోత్రం. జుట్టంతా ఊడిపోయి తల గుమ్మడికాయలా ఉంది. జుట్టు మళ్ళీ వస్తుందంటున్నారు. చెవులు రావట. వెనక నుంచి పిలిస్తే తిరగదు. వాళ్ళమ్మ గొంతు కూడా దానికి వినబడదురా. ఏడేళ్ళ పిల్ల. పొద్దస్తమానం గలగలా వాగేది, ఇప్పుడు తన మాట తనకే వినబడక గట్టిగట్టిగా అరుస్తోంది, పిల్లలు నవ్వుతున్నారు.

ఆస్పత్రిలో నర్సమ్మ ఒకావిడ కృపమ్మకి చెప్పిందట. మీరు వేసిన సూదుల్లో సగం మందు, సగం ఉత్త ఉప్పునీళ్ళట. ఎవరికి మందు పడిందో, ఎవరికి నీళ్ళు పడ్డాయో పోల్చి చూడటానికే ఇదంతా చేశారట. నేను నమ్మలేదు. మా తమ్ముడు అలా చెయ్యడు అని కృపమ్మ మొహం మీదే అన్నాను. అన్నాక ఇంటికొచ్చి, నువ్వు రాసిన ఉత్తరాలన్నీ తీసి మళ్ళీ చదివాను. ఎక్కడా నువ్వు ఔననీ కాదనీ అనలేదు. "ఏ మేరకు పనిచేస్తుందో వేసి చూస్తారు" అన్నావు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అనలేదు పెద్దలు!

ఉప్పునీళ్ళకి మాకేం కొదవరా! ఏ బావిలో చేద వేసినా అవే వస్తాయి. సముద్రం ముంగిట్లోనే ఉంది. దాన్ని సూదిలోకెక్కించి పిల్లల జబ్బల్లో పొడవడానికి మద్రాసు నుంచి రావాలా?

ఊళ్ళో ఇంకో మాట పుట్టింది. మేనల్లుడికి మాత్రం ఏరి మంచి మందు వేయించుకున్నాడట అని. అందుకే దానియేలు గుండ్రాయిలా తిరుగుతున్నాడట. నా దగ్గర దాచకు. ఎవరికీ చెప్పను. దానియేలుకి పడింది మందా, నీళ్ళా? రూతుకి పడింది ఏది?

ఆనందమ్మ


గుడివాడ,
20 డిసెంబరు 1962

అక్కా,

క్రిస్మస్ సెలవులకి గుడివాడ వచ్చాను. నీ ఉత్తరం జేబులో పెట్టుకునే తిరుగుతున్నాను.

దేవుడి సాక్షిగా నాకు తెలీదు. డాక్టరుగారికీ తెలీదు. సీసాల మీద నంబర్లే ఉంటాయి, ఏ నంబరు ఏదో రాసిన జాబితా మద్రాసులో ఎవరి దగ్గరో ఉంటుంది. రెండేళ్ళు పోయాకగానీ విప్పరు. ఎవరికి ఏది పడిందో తెలిస్తే చూసేవాళ్ళ కళ్ళు మోసం చేస్తాయట, అందుకని. మేనల్లుడికి ఏరి వేయించే దారే లేదు. ఈ మాట నువ్వు నమ్మవని తెలుసు, అయినా రాస్తున్నాను.

ఆ రోజు డాక్టరుగారు అన్నీ చెప్పారక్కా. సగం మందికి మందు, సగం మందికి ఉప్పునీళ్ళు అని చెప్పారు. ఇష్టం లేనివాళ్ళు మానుకోవచ్చన్నారు. సూది పడ్డా నీళ్ళు కాచుకోవడం మానొద్దన్నారు. నేను అందులో కొత్త మందు, జ్వరం రాదు, ఇష్టమైనవాళ్ళు లేవండి అని చెప్పి ఊరుకున్నాను. సగం మందికి ఉత్త నీళ్ళు అంటే ఎవరు లేస్తారు చెప్పు? బయట వాన, జనం ఇళ్ళకి పోవాలన్న తొందరలో ఉన్నారు. మంచిపనికే కదా అనుకున్నాను. అంతా చెప్పావా అని డాక్టరుగారు అడిగితే చెప్పానన్నాను. ఈ లెక్క తేలితే రేపు లక్షమంది చిన్నోళ్ళు బతుకుతారక్కా. అది అబద్ధం కాదు.

జనవరిలో రెండోది వెయ్యకపోతే మొదటిది వేసినదంతా వృథా. బావగారికి వేరే కార్డు రాశాను. ముందుగానే ఒక ఆదివారం అడిగి పెట్టమన్నాను. నువ్వు ఒక్కసారి, ఈ ఒక్కసారి లేచి నిలబడు. నా పర్మనెంటు కూడా దాని మీదే ఉంది. రూతు సంగతి నేను మరిచిపోలేదు. కానీ ఇప్పుడేం చెయ్యను?

రాజారత్నం

వదినగారికి వందనాలు. ఉత్తరం పోస్టు చెయ్యమని నా చేతికిచ్చారు, కింద చోటుంది కదా అని రాస్తున్నాను. మీరు నేర్పిన చేపల పులుసు ఇక్కడ అందరికీ నచ్చింది. గుడివాడ బళ్ళల్లో కూడా ఈ ఇంజెక్షన్లు మొదలయ్యాయి, మా పాప పేరు ఈయన మొట్టమొదట రాసేశారు. అందులో ఏముంది, ఎవరికేసినా ఒకటేనా అని నేను గుచ్చిగుచ్చి అడిగితే అప్పుడు చెప్పారు. నాకు ఇష్టం లేదన్నాను, పేరు కొట్టించేశారు. మీరేమంటారు వదినా, నేను చేసింది తప్పా? దానియేలుకి పాప ముద్దులు.
మీ రత్నకుమారి


దిబ్బపాలెం,
8 జనవరి 1963

రాజారత్నం,

అమ్మాయి రత్నకుమారికి చెప్పు, తను చేసింది తప్పు కాదు. పులుసులో చింతపండు తగ్గించి మామిడికాయ వెయ్యమను.

ఆ నాలుగు ముక్కలూ చదివాక నాకు కోపం రాలేదు. నీరసం వచ్చింది. ఆ పూట పొయ్యి కూడా వెలిగించలేదు. చద్దన్నం పెడితే మీ బావ అదే తిన్నారు. మీ ఆవిడ అడిగింది, నువ్వు చెప్పావు. రామబ్రహ్మంగారు అడిగారు, డాక్టరుగారు చెప్పారు. ఇద్దరూ వద్దన్నారు, ఇద్దరి మాటా చెల్లింది. మాకు అడగడం చేతకాలేదు. చేతకాదని తెలిసే కదా నిలబడమన్నది?

ఆదివారం సంగతి విను. మీ బావ నీ కార్డు చదివి, రెండో సూదికి ఇష్టమైనవాళ్ళు లేవండి అన్నారు. అందరూ నా వంకే చూశారు. లేవకూడదు అనుకుంటూనే లేచాను. పదేళ్ళ నుంచి లేచిన మోకాళ్ళు, వాటంతటవే లేచాయి. గుడంతా లేచింది. అచ్చమ్మవ్వ కూడా గోడ పట్టుకుంది. ఒక్క రూతు కూర్చుని ఉంది. దానికేం వినబడుతుంది? చాప అంచు పీకుతూ, తన చుట్టూ ఇన్ని కాళ్ళు ఎందుకు లేచాయా అని తలెత్తి చూసింది. కృపమ్మ సిగ్గుపడి వంగి దాని రెక్క పట్టుకుని లాగుతోంది, లే లే అని. ఎందుకు లేవాలో పిల్లకి చెప్పడానికి కృపమ్మ దగ్గర మాట లేదు.

"వదిలెయ్ కృపా" అన్నాను. అని రూతు పక్కన కూర్చున్నాను.

అప్పుడేమైందో తెలుసా? అందరూ కూర్చున్నారు. వెనక వరసతో సహా, బస్తాలు జారినట్టు కూర్చుండిపోయారు. అది చూసి నాకు ఇంకా దిగులేసింది. నేను లేచానని లేచినవాళ్ళు నేను కూర్చున్నానని కూర్చున్నారు. ఔననడమూ నాకోసమే, కాదనడమూ నాకోసమే. ఇంతమంది పిల్లల్ని నా మోకాళ్ళ మీద పెట్టి పోయావు కదరా!

నీ ఉద్యోగం పోవాలని నాకు లేదు. ఆ లెక్క తేలకూడదనీ లేదు. చిన్నోడు నీకెంతో నాకూ అంతే. రండి, కానీ గుడికి రావద్దు. ఇల్లిల్లూ తిరగండి. రామబ్రహ్మంగారి అరుగు మీద కూర్చున్నట్టే మా గుమ్మాల్లోనూ కూర్చోండి. ఆ సగం నీళ్ళ సంగతి చెప్పండి, నీళ్ళు కాచుకోమని చెప్పండి, వద్దంటే పోతామని చెప్పండి. ముందు కృపమ్మ ఇంటికి వెళ్ళండి. ఆవిడకి ఇంకో పిల్లాడున్నాడు.

ఆనందమ్మ


బందరు,
29 జనవరి 1963

అక్కా,

నువ్వు చెప్పినట్టే చేశాను, నీ కళ్ళతోనే చూశావు. అయినా నువ్వు చివర్లో చేసిన పని నాకు మింగుడు పడటం లేదు, అందుకే రాస్తున్నాను.

డాక్టరుగారికి నేను దాచింది దాచకుండా చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత, మళ్ళీ మొదటి నుంచి అడుగు, ఈసారి నేను పక్కన కూర్చుంటాను అన్నారు. పర్మనెంటు మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ముందు కృపమ్మ గుమ్మంలో కూర్చున్నాను. అన్నీ చెప్పాను. ఆవిడ ఎన్ని అడిగిందక్కా! నీళ్ళు పడితే జ్వరం రావచ్చు కదా అంది. రావచ్చన్నాను. మందు పడినా రావచ్చా అంది. రావచ్చు, తక్కువ అన్నాను. మరి లెక్క తేలాక నీళ్ళు పడ్డవాళ్ళకి మందు వేస్తారా అంది. డాక్టరుగారు వేస్తామని మాటిచ్చారు. అప్పుడు రూతుని ఒళ్ళోకి తీసుకుని, చిన్నాడికి రెండోది వెయ్యండి అంది. "ఈసారి నన్నడిగారు, చెప్తున్నా" అంది. ఊళ్ళో కొందరు వద్దన్నారు. డాక్టరుగారు వాళ్ళకీ దణ్ణం పెట్టి లేచారు.

అన్ని గడపలూ ఎక్కి దిగి, మధ్యాహ్నం దాటాక నీ ఇంటికొచ్చాను. నువ్వు చేపల పులుసు పెట్టావు, కడుపునిండా తిన్నాను. జీపు రోడ్డు మీద ఆగి ఉంది. దానియేలూ జబ్బ చాపరా అన్నాను. నువ్వు వచ్చి వాడి చొక్కా చెయ్యి కిందికి లాగి, బొత్తాం పెట్టి, లోపలికెళ్ళిపోయావు. డాక్టరుగారు చూస్తున్నారు. పరాయి కృపమ్మ క్షమించింది, తోడబుట్టిన అక్కవి నువ్వు క్షమించలేదా? ఇంకా ఏం చెయ్యమంటావు నన్ను?

వచ్చే వారం శుక్రవారంతో గడువు అయిపోతుంది. తర్వాత వేసినా లెక్కలోకి రాదు. మా మీద కోపం పిల్లాడి మీద చూపించకు.

రాజారత్నం


దిబ్బపాలెం,
2 ఫిబ్రవరి 1963

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. కోపం అనుకున్నావా? కోపమొస్తే నేను పులుసు పెడతానా, నీకు తెలీదూ?

ఆ రోజు పొద్దుట్నుంచీ నేను గుమ్మంలోనే ఉన్నాను. నువ్వు కృపమ్మ వాకిట్లో కూర్చోవడం చూశాను. ఆవిడ అడగడం, నువ్వు తలవంచుకుని చెప్పడం చూశాను. మా తమ్ముడు పెద్దాడయ్యాడు అనుకున్నాను. ఒక్కో ఇల్లూ దాటి వస్తుంటే మనసులో ప్రశ్నలు పేర్చుకున్నాను. కృపమ్మ అడగనివి కూడా ఉన్నాయి నా దగ్గర. రెండోది వేస్తే మళ్ళీ జ్వరం కాస్తుందా? వీడికి మొదటిది నీళ్ళే పడుంటే, రెండోది కూడా నీళ్ళేనా? వద్దంటే నీకు మాటొస్తుందా? చివరిది అడగకూడదని కూడా అనుకున్నాను.

నువ్వొచ్చావు. చేతులు కడుక్కున్నావు. పులుసు బావుందన్నావు. లేచి దానియేలూ జబ్బ చాపరా అన్నావు.

కృపమ్మనడిగావు. ఊళ్ళో అందర్నీ అడిగావు. పిల్లల్లేని అచ్చమ్మవ్వని కూడా కూర్చోబెట్టి చెప్పావట, ఆవిడ మురిసిపోతోంది. నన్ను అడగలేదురా. మొదటిసారీ అడగలేదు, లేచి నిలబడమన్నావు. రెండోసారీ అడగలేదు. అక్క కదా, ఔననే అంటుంది అనుకున్నావు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారే, అడక్కుండానే నా బిడ్డ చెయ్యి ఎలా తీసుకుంటావు? చొక్కా చెయ్యి దించి లోపలికెళ్ళి పొయ్యి దగ్గర నిలబడ్డాను. వెనకాలే వస్తావు, అడుగుతావు అనుకున్నాను. జీపు హారను వినబడింది.

శుక్రవారం గడువన్నావు కదా, గురువారం రా. ఒక్కడివే రా, డాక్టరుగారొచ్చినా సరే. కాళ్ళు కడుక్కోకుండా, లోపలికి రాకుండా, ముందు గుమ్మం బయట కూర్చో. నేను నీకు ఏమీ కాను అనుకో. దానియేలు తల్లిని, అంతే. మొదటి నుంచీ చెప్పు, సగం నీళ్ళ సంగతితో సహా. నేనడిగిన వాటికి జవాబులు చెప్పు. తర్వాత నోరు మూసుకుని నా మొహం చూడకుండా కూర్చో. పద్యం మర్చిపోయిన చూపు చూశావంటే మళ్ళీ ఔననేస్తాను, అది నాకొద్దు.

ఏం చెప్తానో నాకే ఇంకా తెలీదు. తెలిశాక చెప్తాను. ఔనన్నా, కాదన్నా, నీకు అన్నం మాత్రం పెట్టే పంపిస్తాను.

నీ అక్క,
ఆనందమ్మ